పేలికల తాళం, ఆదివారం ఊరేగింపు

రాగ్‌టైం అన్న మాట చెవిన పడగానే మనకు రాగమే గుర్తొస్తుంది. ఆ రాగానికీ ఈ రాగ్‌కీ చుట్టరికం లేదు. ఇంగ్లీషులో రాగ్ అంటే గుడ్డ పేలిక. కుదురుగా నడవాల్సిన తాళాన్ని చించి పేలికలు చేసినట్టు వాయిస్తారని ఆ పేరు పడిందంటారు. పేరులో కాస్త వెటకారం ఉన్నా, అమెరికా సంగీతంలో జాజ్ అనే మహావృక్షానికి ఉన్న పెద్ద వేళ్లలో అదొకటి.

హ్యూస్టన్‌లో మన తెలుగువాళ్లు లాంగ్ వీకెండ్ వస్తే కారేసుకుని న్యూ ఓర్లీన్స్ వెళ్లిరావడం మామూలే. ఐ-10 హైవే మీద సుమారు 560 కిలోమీటర్లు, ఐదారు గంటల దారి. ఫ్రెంచ్ క్వార్టర్‌లో ఫొటోలు దిగుతారు, కేఫ్ డు మాండ్‌లో పంచదార పొడి కప్పిన బెన్యేలు తింటారు, బర్బన్ స్ట్రీట్ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుస్తారు, జాజ్ పుట్టిన ఊరు చూసొచ్చామని చెప్పుకుంటారు. తీరాచూస్తే బర్బన్ స్ట్రీట్‌లో గుమ్మాలు దాటి బయటికొచ్చే మోతలో ఎక్కువ భాగం రాక్, పాప్ హిట్లే. పాత సంగీతం ఊళ్లోనే ఉంది. కాకపోతే ఇంకో వీధిలో, ఇంకో వేళప్పుడు. అదెక్కడో చెప్పేముందు అదేమిటో చెప్పాలి. చెవికి ముందే దారి చూపించకపోతే మొదటిసారి వినేవాళ్లకు అది ఉత్త గోలలాగే ఉంటుంది.

రాగ్‌టైం పియానో సంగీతం. ఎడమ చెయ్యి కవాతు చేస్తుంది: దుం-చక్, దుం-చక్ అంటూ తప్పటడుగు లేకుండా. కుడి చెయ్యి పాటను వాయిస్తుంది, అయితే ఆ దెబ్బల మీద పడకుండా, దెబ్బకీ దెబ్బకీ మధ్య సందుల్లో దూరుతూ పోతుంది. మనకిది బొత్తిగా కొత్త సంగతేం కాదు. దేశాది తాళంలో త్యాగరాజ కృతి ఎత్తుకునేటప్పుడు తాళం ముందు పడుతుంది, పాట ఒకటిన్నర అక్షరం ఆగి వస్తుంది. ఆ ఆగడంలో ఉన్న ఊపు మనకు తెలుసు. రాగ్‌టైంలో ఎత్తుగడ ఒక్కటే కాదు, పాట పొడుగునా ఇదే ఆట. వినేటప్పుడు చెవిని ఎడమ చేతి మీద ఉంచి తొడ మీద తాళం వేసి చూడండి. కుడి చెయ్యి ఎంత అల్లరి చేస్తోందో అప్పుడు తెలుస్తుంది.

ఈ పద్ధతికి పెద్దదిక్కు స్కాట్ జాప్లిన్. ఆయనది న్యూ ఓర్లీన్స్ కాదు, పేరొచ్చింది మిసోరీ రాష్ట్రంలో సెడేలియా అనే రైల్వే ఊళ్లో. 1899లో ఆయన 'మేపుల్ లీఫ్ రాగ్'ను ఆ ఊళ్లోనే సంగీతం దుకాణం నడిపే జాన్ స్టార్క్ అచ్చేశాడు. ప్రతికి ఒక సెంటు రాయల్టీ అని ఒప్పందం. నల్లజాతి సంగీతకారుల దగ్గర పాటను గుత్తగా కొద్ది డబ్బుకు కొనేయడం మామూలైన ఆ రోజుల్లో అది పెద్ద మర్యాదే. జాప్లిన్ తన రచనల్ని వాగ్గేయకారుడు కృతిని చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకున్నాడు. రాగ్‌టైంని వేగంగా వాయించవద్దని అచ్చు కాగితాల మీదే హెచ్చరిక వేయించాడు. రాసింది రాసినట్టు వాయించాలి, అంతే.

న్యూ ఓర్లీన్స్ ఆ మాట వినలేదు.

ఎలా వినలేదో తెలుసుకోవడానికి మంచి సాక్ష్యం ఒకటుంది. జెల్లీ రోల్ మోర్టన్ అనే న్యూ ఓర్లీన్స్ పియానిస్టు 1938లో వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో, జానపద సంగీత సేకర్త అలన్ లోమాక్స్ ఎదుట పియానో ముందు కూర్చుని తన ఊరి సంగీత చరిత్ర అంతా చెబుతూ వాయించాడు. అందులో 'మేపుల్ లీఫ్ రాగ్'ను ముందు మిసోరీవాళ్ల పద్ధతిలో, తర్వాత తన ఊరి పద్ధతిలో వినిపించాడు. మొదటిది గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చొక్కా. రెండోది అదే చొక్కా, చేతులు మడిచి, పై గుండీ విప్పి. తాళం బిగువు సడలి ఉయ్యాల ఊపు వచ్చింది, ఎడమ చేతిలోకి ట్రాంబోన్ జారుళ్లు చొరబడ్డాయి, రాసి ఉన్న పాటలోకి రాయనిది వచ్చి కూర్చుంది. రాగ్‌టైం ఎక్కడ ఆగి జాజ్ ఎక్కడ మొదలవుతుందని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఆ రెండు వాయింపుల మధ్య ఉన్న తేడానే. ఆ రికార్డింగులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. మోర్టన్ చెప్పిన మాటలన్నీ మాత్రం నమ్మనక్కర్లేదు. 1902లో జాజ్‌ను తానే కనిపెట్టానని ఆయన వాదం. పుట్టింది 1890లో అనుకుంటే అప్పటికి ఆయనకు పన్నెండేళ్లు.

పియానో నుంచి బ్యాండుకు వద్దాం. సంప్రదాయ జాజ్ బ్యాండులో ముందు వరస మూడు వాద్యాలు. కార్నెట్ లేదా ట్రంపెట్ అసలు పాటను పట్టుకుంటుంది. క్లారినెట్ దాని పైన తీగలా అల్లుకుంటుంది. ట్రాంబోన్ కింద నుంచి జారుతూ సందులు పూడుస్తుంది. వెనక బాంజో, ట్యూబా లేదా పెద్ద బేస్, డ్రమ్స్, ఉంటే పియానో. మన కచేరీలో మనోధర్మం వంతులవారీగా నడుస్తుంది: గాయకుడు పాడితే వయొలిన్ అనుసరిస్తుంది, తర్వాత వయొలిన్ వంతు. ఇక్కడ ముగ్గురూ ఒకేసారి మనోధర్మం చేస్తారు. ఎవరూ ఎవరి దారికీ అడ్డం రారు. నలుగురు అన్నదమ్ములున్న ఇంట్లో భోజనాల దగ్గర అందరూ ఒకేసారి మాట్లాడుతున్నా ఎవరేమన్నారో అందరికీ తెలుస్తుందే, అలా ఉంటుంది. కొత్తగా వినేవాళ్లు మొదటిసారి ట్రంపెట్‌ను మాత్రమే పట్టుకుని వినాలి. రెండోసారి క్లారినెట్ వెంట పడాలి. మూడోసారికి గోల గోలగా ఉండదు.

ఈ ఊరే ఎందుకు? 1718లో ఫ్రెంచివాళ్లు కట్టిన ఊరు, తర్వాత స్పెయిన్ ఏలుబడి, 1803లో అమెరికా కొనుక్కుంది. 1817లో నగర శాసనం ఒకటి బానిసల కూడికలను ఒక్క చోటికి పరిమితం చేసింది. ఆదివారాలు వాళ్లు అక్కడ చేరి ఆఫ్రికా డోళ్లు వాయించారు, ఆడారు, సరుకులు అమ్ముకున్నారు. ఆ మైదానమే కాంగో స్క్వేర్, ట్రెమే పేట అంచున ఇప్పటి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పార్కులో ఉంది. ఊళ్లో ఇంకో వర్గం క్రియోల్‌లు: ఫ్రెంచి మాట్లాడే మిశ్రమ జాతివాళ్లు, చాలామంది చేతి పనివాళ్లు, పిల్లలకు నొటేషన్‌తో సంగీతం చెప్పించేవాళ్లు, ఒపెరాకు వెళ్లేవాళ్లు. వాళ్లు తమను పొలాల నుంచి వచ్చిన నల్లవాళ్లతో సమానంగా ఎంచుకునేవారు కాదు. ఆ అంతరాన్ని చట్టం చెరిపేసింది. హోమర్ ప్లెస్సీ అనే క్రియోల్ చెప్పులు కుట్టే పనివాడు 1892లో ఈ ఊళ్లోనే తెల్లవాళ్ల రైలుపెట్టెలో కూర్చుని అరెస్టయ్యాడు. 1896లో సుప్రీంకోర్టు ఆయనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పి, వేర్పాటును దేశమంతటికీ చట్టబద్ధం చేసింది. ఇక క్రియోల్‌కీ నల్లవాడికీ ఒకటే పెట్టె, ఒకటే పేట, ఒకటే కూలి. నొటేషన్ వచ్చినవాడు, చెవితో వాయించేవాడు ఒకే బ్యాండులో పక్కపక్కన నిలబడాల్సి వచ్చింది. అన్యాయంలోంచి మంచి సంగీతం వచ్చిందని సంబరపడటం నాకు నచ్చదు. కానీ జరిగింది మాత్రం ఇదే.

ఆ రెండు దారులకూ ఇద్దరు మనుషులున్నారు. జాన్ రాబిషో క్రియోల్, కాగితం చూసి వాయించే పెద్ద బ్యాండు ఆయనది. బడీ బోల్డెన్ నల్లవాడు, కార్నెట్, కాగితంతో పనిలేదు. ఊరి పైభాగంలో లింకన్ పార్కు, జాన్సన్ పార్కు అని పక్కపక్కనే రెండు తోటలుండేవి. రాబిషో లింకన్ పార్కులో వాయిస్తుంటే బోల్డెన్ జాన్సన్ పార్కు నుంచి కార్నెట్ ఆ దిక్కుకు ఎత్తి ఊదేవాడనీ, జనం గేటు దాటి ఇటు వచ్చేసేవారనీ పాతతరం సంగీతకారులు చెప్పుకునేవారు. బోల్డెన్‌కు 1907లో మతి చలించి పిచ్చాసుపత్రిలో చేర్చారు. 1931లో అక్కడే పోయాడు. ఆయన ఊదిన ఒక్క స్వరం కూడా రికార్డులో మిగల్లేదు. మిగిలింది ఒక బ్యాండు ఫొటో. రాబిషో కాగితాలు మాత్రం వేలకొద్దీ మిగిలాయి, ఇప్పుడు టులేన్ యూనివర్సిటీ భాండాగారంలో ఉన్నాయి.

జాజ్ వేశ్యావాటికలో పుట్టిందన్న మాట మీరు వినే ఉంటారు. స్టోరీవిల్ అనే ఆ పేట 1898 నుంచి 1917 దాకా చట్టం అనుమతితోనే నడిచింది. మోర్టన్ లాంటి పియానిస్టులు అక్కడి ఇళ్లలో డబ్బు చేసుకున్నారు కూడా. కానీ ఆ ఇళ్లలో ఉండేది ఎక్కువగా ఒంటరి పియానో. బ్యాండులు వాయించింది తోటల్లో, డాన్సు హాళ్లలో, పడవల మీద, పెళ్లిళ్లలో, అంత్యక్రియల్లో. వేశ్యావాటిక కథ సినిమాకు బాగుంటుంది, చరిత్రకు చాలదు.

1917 ఒక్క ఏడాదిలో మూడు జరిగాయి. ఫిబ్రవరి 26న న్యూ ఓర్లీన్స్ తెల్లవాళ్ల బ్యాండు ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్ న్యూయార్క్‌లో చేసిన రికార్డింగ్ తొలి జాజ్ రికార్డుగా విడుదలైంది. ఏప్రిల్ 1న జాప్లిన్ పోయాడు. నవంబరులో యుద్ధకాలపు నౌకాదళం ఒత్తిడితో స్టోరీవిల్ మూతపడింది. అప్పటికే పని వెతుక్కుంటూ ఉత్తరానికి వెళ్తున్న బ్యాండువాళ్లలో చివరికి ఈ ఊరి కార్నెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా చేరాడు: 1922లో షికాగో రైలెక్కాడు. అక్కడి నుంచి జాజ్ ప్రపంచానిదైంది, దాంతోపాటే మారింది. 1930ల చివరికి సొంత ఊళ్లోనే పాతపద్ధతి వాయించే ముసలివాళ్లు వేరే కూలిపనులు చేసుకుని బతికే పరిస్థితి వచ్చింది.

ఇక్కడి నుంచి రాగ్‌టైం కథ, జాజ్ కథ వేర్వేరుగా నడుస్తాయి. రాగ్‌టైం కాగితం మీద నిద్రపోయింది, కాగితం మీంచే లేచింది. 1967లో లార్స్ ఎడెగ్రాన్ అనే స్వీడన్ పియానిస్టు న్యూ ఓర్లీన్స్‌లో స్థిరపడి, ఆ రాబిషో కాగితాల్లోంచే పాటలు తీసి న్యూ ఓర్లీన్స్ రాగ్‌టైం ఆర్కెస్ట్రా పెట్టాడు. 1973లో 'ది స్టింగ్' సినిమా జాప్లిన్ 'ది ఎంటర్‌టైనర్'ను ఊరూరా వినిపించింది. 1976లో, పోయిన 59 ఏళ్లకు, జాప్లిన్‌కు ప్రత్యేక పులిట్జర్ ఇచ్చారు.

జాజ్‌కు అలాంటి కాగితం లేదు. దానికి మనుషులే కావాలి. 1961లో ఫ్రెంచ్ క్వార్టర్‌లో, 726 సెయింట్ పీటర్ స్ట్రీట్‌లో, ఒక పాత చిత్రాల దుకాణంలో ప్రిజర్వేషన్ హాల్ తెరుచుకుంది. అలన్ జాఫీ, శాండ్రా జాఫీ అనే యువ దంపతులు దాన్ని నిలబెట్టారు. జార్జ్ లూయిస్, స్వీట్ ఎమ్మా బారెట్, పెర్సీ హంఫ్రీ, విల్లీ హంఫ్రీ లాంటి పెద్దవాళ్లకు మళ్లీ వేదిక దొరికింది. వేర్పాటు చట్టాలు ఇంకా అమల్లో ఉన్న రోజుల్లోనే అక్కడ నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పక్కపక్కన కూర్చున్నారు. హాలు ఇప్పటికీ చిన్న గదే. కొన్ని బెంచీలు, ముందు నేల మీద మెత్తలు, వెనక నిలబడేవాళ్లు. మైకు లేదు, మందు అమ్మరు, కచేరీ సాగుతుండగా ఫొటోలు తీయనివ్వరు. ఒక్కో కచేరీ ముప్పావుగంట. అందరూ అడిగే 'ది సెయింట్స్' పాటకు మామూలు పాటకంటే ఎక్కువ రేటు పెట్టిన బోర్డు ఆ హాలంత పేరుపొందింది. రోజూ అదే వాయించి విసిగిన చేతుల ఫిర్యాదు అది.

అయినా ఈ సంగీతాన్ని బతికించింది హాళ్లు కావు. నేను గట్టిగా చెప్పదలిచింది ఇదొక్కటే: న్యూ ఓర్లీన్స్‌లో ఈ సంగీతానికి చెయ్యాల్సిన పని ఎప్పుడూ ఉంది కాబట్టి అది చావలేదు. ఆ పనుల్లో మొదటిది మనిషిని సాగనంపడం.

నల్లవాళ్లకు బీమా, వైద్యం అందని కాలంలో పేటపేటకూ సహాయ సంఘాలు వెలిశాయి. సభ్యులు చందా కడతారు. జబ్బు చేస్తే సంఘం డాక్టరును పంపుతుంది, చనిపోతే ఖననం చేయిస్తుంది, వెంట బ్యాండు పెడుతుంది. 1884లో పుట్టిన యంగ్ మెన్ ఒలింపియన్ సంఘం ఇప్పటికీ ఉంది. అంత్యక్రియల్లో చర్చి నుంచి బ్యాండు చాలా నెమ్మదిగా కదులుతుంది. స్నేర్ డ్రమ్ కింద ఉండే తీగలను వదులు చేసి దాని గొంతు నొక్కేస్తారు. ఈడ్చినట్టు అడుగులు, ప్రార్థనా గీతాలు. శవాన్ని వదిలే చోటు వస్తుంది: ఒకప్పుడు శ్మశానం గేటు, ఇప్పుడు చాలాసార్లు వీధి మలుపు, బండి అక్కడి నుంచి వెళ్లిపోతుంది. దానిని అక్కడివాళ్లు శవాన్ని తెంచి వదలడం అనే అర్థం వచ్చే మాటతో చెబుతారు. కాసేపు నిశ్శబ్దం. డ్రమ్మర్ తీగలు మళ్లీ బిగిస్తాడు. ఒక్కసారిగా డ్రమ్ము, ఆ వెంటనే ట్రంపెట్, అప్పటిదాకా ఏడ్చినవాళ్లే గొడుగులు ఎగరేస్తూ, చేతి రుమాళ్లు తిప్పుతూ ఆడతారు. చావు డప్పు మోగే ఊళ్లలో పుట్టినవాళ్లకు ఇది వింతగా తోచదు. డప్పు దరువుకు పాడె వెంట ఆడేవాళ్లను మనం చూసే ఉన్నాం.

బ్యాండు, కుటుంబం, సంఘం సభ్యులు మొదటి వరస. వెనక కలిసిపోయే ఊరి జనం రెండో వరస, సెకండ్ లైన్. ఆ పేరే మొత్తం ఊరేగింపుకు నిలిచింది. చావుతో పనిలేకుండా ఒక్కో సంఘం ఏడాదికొకసారి తన ఆదివారం ఊరేగింపు చేస్తుంది. వేసవి చివర మొదలై మళ్లీ వేసవి వచ్చేదాకా ఇంచుమించు ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఏదో ఒక పేటలో ఒకటుంటుంది, నాలుగు గంటలు నడుస్తుంది. సభ్యులు ఒకే రంగు సూట్లు, బూట్లు, ఈకల విసనకర్రలతో వస్తారు. ఆ బట్టలకు ఏడాదంతా డబ్బు కూడబెడతారు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆదివారం వీధిలో వినిపించేది 1910 నాటి జాజ్ కాదు. 1977లో వచ్చిన డర్టీ డజన్ బ్రాస్ బ్యాండ్, 1983లో వచ్చిన రీబర్త్ బ్రాస్ బ్యాండ్ ఫంక్ అనే డాన్సు సంగీతాన్ని కలిపి వేగం పెంచేశాయి. శుద్ధ సంప్రదాయవాదులు ముక్కు విరిచారు. అయితే బ్రాస్ బ్యాండులు అంతరించిపోతున్నాయనుకున్న 1970ల మొదట్లో డానీ బార్కర్ అనే బాంజో, గిటార్ విద్వాంసుడు ఫెయిర్‌వ్యూ బాప్టిస్ట్ చర్చి పిల్లలతో ఒక బ్యాండు కట్టకపోతే ఫంక్ కలపడానికి కూడా ఎవరూ మిగిలేవారు కాదు. ట్రంపెట్ లెరాయ్ జోన్స్, క్లారినెట్ మైఖేల్ వైట్ లాంటి నేటి సంప్రదాయ జాజ్ పెద్దలు ఆ పిల్లల్లోంచే వచ్చారు. అందుకే నాకు ఆ కొత్త మోత మీద ఫిర్యాదు లేదు.

కట్టడాల విషయంలో ఊరి రికార్డు చెడ్డది. స్టోరీవిల్‌ను కూల్చి ప్రభుత్వ ఇళ్లు కట్టారు. ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టిన ఇంటిని 1964లో పడగొట్టారు. 1966లో ట్రెమేలో క్లెయిబోర్న్ అవెన్యూ ఓక్ చెట్లను నరికి వాటి మీదుగా ఐ-10 ఫ్లైఓవర్ వేశారు, మనవాళ్లు హ్యూస్టన్ నుంచి వచ్చేది ఆ రోడ్డు మీదే. ఊరేగింపులు ఇప్పటికీ ఆ ఫ్లైఓవర్ కిందికే వచ్చి ఆగుతాయి, కాంక్రీటు ప్రతిధ్వనికి మోత రెట్టింపవుతుందని. 2005 ఆగస్టు 29న కత్రీనా తుఫానుకు గట్లు తెగి ఊళ్లో 80 శాతం మునిగింది. మైఖేల్ వైట్ ఏళ్ల తరబడి సేకరించిన పాత క్లారినెట్లు, రికార్డులు, కాగితాలు నీళ్లపాలయ్యాయి. తుఫాను తర్వాత నగరం ఊరేగింపుల పర్మిట్ ఫీజు పెంచితే సంఘాలు కోర్టుకెళ్లి తగ్గించుకున్నాయి. సరిగ్గా పదహారేళ్లకు, 2021 ఆగస్టు 29న, ఐడా తుఫానుకు సౌత్ రాంపార్ట్ స్ట్రీట్‌లోని కార్నాఫ్‌స్కీ దుకాణం కూలింది. చిన్నప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్‌ను పనిలో పెట్టుకుని, ఇంట్లో అన్నం పెట్టిన యూదు కుటుంబానిది అది.

వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. రాత్రి బర్బన్ స్ట్రీట్ దాటి మారిన్యీ పేటలోని ఫ్రెంచ్‌మెన్ స్ట్రీట్‌కు వెళ్లండి, స్పాటెడ్ క్యాట్ లాంటి చిన్న క్లబ్బుల్లో పాతపద్ధతి బ్యాండులు దొరుకుతాయి. ప్రిజర్వేషన్ హాల్ టికెట్ ముందే కొనుక్కోండి. ఓల్డ్ యు.ఎస్. మింట్ భవనంలో జాజ్ మ్యూజియం ఉంది, పగలు చూడొచ్చు. ఆదివారం ఊరేగింపు దారిని డబ్ల్యూడబ్ల్యూఓజెడ్ అనే స్థానిక రేడియో ముందే ప్రకటిస్తుంది, అది చూసుకుని సోమవారం తిరుగు ప్రయాణం పెట్టుకోండి. ఊరేగింపులో బ్యాండుకు ముందు కాదు, వెనక నడవండి. అంత్యక్రియలైతే కుటుంబం మొహాల మీదికి ఫోను పెట్టకండి. జేబులో చిల్లర డాలర్లు ఉంచుకోండి, రాత్రి క్లబ్బుల్లో బ్యాండు ముందు బకెట్టు తిరుగుతుంది. వాళ్లలో చాలామందికి ఆ రాత్రి సంపాదనలో పెద్ద భాగం అదే.